రిసెప్షన్ టేబుళ్ల మధ్యలో ఏం పెట్టాలి? విజయనగరం, శ్రీకాకుళం పెళ్లివారు తరచుగా అడిగే ప్రశ్నలు

నేను విజయనగరంలో ఉంటాను. ఇటు బొబ్బిలి, రాజాం, అటు శ్రీకాకుళం, పలాస వరకు పెళ్లిళ్లకు టేబుల్ డెకరేషన్ చేస్తుంటాను. స్టేజీ గురించి, మండపం గురించి పెళ్లివారు నెల ముందు నుంచే ఆలోచిస్తారు. టేబుళ్ల సంగతి వచ్చేసరికి "ఏదో ఒకటి పెట్టేయండమ్మా" అనేస్తారు. వచ్చిన చుట్టం స్టేజీ మీద నిలబడేది రెండు నిమిషాలు. అరగంటో ముప్పావుగంటో కూర్చునేది టేబుల్ దగ్గరే. అందుకే ఆ టేబుల్ గురించి నన్ను పదే పదే అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాస్తున్నాను.

అసలు సెంటర్ పీస్ (టేబుల్ మధ్యలో పెట్టే అలంకారం) అవసరమా? మా అమ్మ "మనవాళ్లకి ఇయ్యన్నీ ఎందుకే, డబ్బులెట్టి" అంటోంది.

అమ్మ మాటను తీసిపారేయకండి. భోజనం బాగుండి, అడిగి వడ్డించేవాళ్లు ఉంటే టేబుల్ మీద పువ్వు లేదని ఎవరూ అలగరు. డబ్బు సరిపోకపోతే ముందు తగ్గించాల్సింది సెంటర్ పీస్‌నే, కూరల్ని కాదు.

కానీ ఇత్తడి చెంబులో నాలుగు చామంతులు పెట్టినా టేబుల్ తీరు మారిపోతుంది. తెల్లగుడ్డ కప్పిన ఖాళీ టేబుల్ హోటల్లా ఉంటుంది. మధ్యలో ఒక చెంబు కనబడితే "మాకోసం ఎవరో కాస్త ఆలోచించారు" అని కూర్చున్నవాళ్లకు తెలుస్తుంది. ఆ కాస్త ఆలోచనకు పెద్ద ఖర్చు అక్కర్లేదు.

ఎంత ఎత్తు ఉండాలి?

నన్నడిగితే అన్నిటికంటే ముందు తేల్చుకోవాల్సింది ఇదే. కూర్చున్న మనిషికి ఎదుటి మనిషి మొహం కనబడాలి. అంటే టేబుల్ మీద నుంచి ఒక అడుగు లోపే ఉండాలి. లేదా సన్నటి కాడ మీద రెండడుగుల పైకి లేచి, పువ్వంతా తలల కంటే ఎత్తులో ఉండాలి. అడుగుకూ రెండడుగులకూ మధ్య ఎత్తులో గుబురుగా ఏది పెట్టినా ఎదుటివాళ్ల మొహానికి అడ్డమే.

ఇది మా ఇంట్లోనే అనుభవమైంది. మా చిన్నాన్నగారి అబ్బాయి రిసెప్షన్‌కి డెకరేషన్ వాళ్లు ప్రతి టేబుల్ మీదా అడుగున్నర గాజు కూజాలు పెట్టి, నిండా గులాబీలు కూరారు. ఫొటోల్లో అద్భుతంగా వచ్చాయి. మా పెద్దమ్మ, ఆవిడ తోడికోడలు చాలా ఏళ్ల తర్వాత ఆ రోజే కలిశారు. ఒకే టేబుల్‌కి ఎదురెదురుగా కూర్చున్నారు. మాట్లాడాలంటే ఒకరు ఇటు, ఒకరు అటు మెడ వంచాల్సి వచ్చింది. చివరికి మా బావ లేచి కూజా తీసి కింద పెట్టాడు. అది చూసి పక్క టేబుల్ వాళ్లూ తీశారు. పావుగంటలో కూజాలన్నీ కుర్చీల కింద ఉన్నాయి, పిల్లలు వాటికి తగిలి రెండు పగిలాయి కూడా. అప్పట్నుంచి నేను చేసే ప్రతి పనికీ ముందు కుర్చీలో కూర్చుని ఎదురు కుర్చీ కనబడుతుందో లేదో చూసుకుంటాను. మీరూ శాంపిల్ చూడటానికి వెళ్లినప్పుడు నిలబడి చూడకండి, కూర్చుని చూడండి.

వెడల్పు మాటేమిటి?

మన ఫంక్షన్ హాళ్లలో ఎక్కువగా ఉండేవి 5 అడుగుల రౌండ్ టేబుళ్లు, 8 మందికి సరిపోతాయి. 6 అడుగులవైతే 10 మంది. 5 అడుగుల టేబుల్ అంచు నుంచి మధ్య వరకు 30 అంగుళాలు. అందులో పళ్లేనికి ఒక అడుగు, నీళ్ల గ్లాసుకీ స్వీటు గిన్నెకీ అర అడుగు పోతాయి. అన్ని వైపులా అలా పోగా మధ్యలో మిగిలేది రెండడుగుల చోటు. అందులోనే నీళ్ల సీసాలు, టిష్యూ పేపర్లు, ఉప్పు, పచ్చడి వస్తాయి. కాబట్టి సెంటర్ పీస్ అడుగు వెడల్పు దాటకూడదు. దాటితే ఎవరో ఒకరు దాన్ని పక్కకు నెట్టాల్సిందే.

మా ఇంట్లో 600 మంది చుట్టాలు. 75 సెంటర్ పీసులు చేయించాలా?

అక్కర్లేదు. అతిథుల్ని లెక్కపెట్టకండి, టేబుళ్లను లెక్కపెట్టండి. బఫే రిసెప్షన్‌లో అందరూ ఒకేసారి కూర్చోరు. ఏడింటికి వచ్చేవాళ్లు వేరు, తొమ్మిదిన్నరకు ఆఫీసు నుంచీ షాపు మూసేసీ వచ్చేవాళ్లు వేరు. నిలబడి తినేసే కుర్రాళ్లు వేరు. హాల్ మేనేజర్‌ని అడిగితే ఎన్ని టేబుళ్లు వేస్తారో చెబుతారు. 25 వేస్తే 25 చేయించండి, పైన రెండు అదనంగా ఉంచుకోండి. ఒకటి ఒలికిపోయినా, చివరి నిమిషంలో ఇంకో టేబుల్ వేసినా పనికొస్తాయి.

అయితే ఒకే టేబుల్ మీద ఆ రాత్రి మూడు నాలుగు జట్లు తింటాయి. ఒక జట్టు లేవగానే టేబుల్ తుడుస్తారు, గుడ్డ మారుస్తారు. సెంటర్ పీస్ ఒక్క చేత్తో ఎత్తి పక్కన పెట్టి మళ్లీ పెట్టగలిగేలా ఉండాలి. రేకులు విడిగా చల్లడం, చిన్న చిన్న గాజు ముక్కలు పరచడం మొదటి జట్టుకే అందం. రెండో జట్టు వచ్చేసరికి అవి సాంబారుతో పాటు తుడిచేస్తారు.

మధ్యాహ్నం బంతి భోజనాలకు కూడా పెట్టాలా?

వద్దు. పొడవాటి టేబుళ్లు, పేపర్ రోల్, ఆకులు, బకెట్లతో వరసగా వచ్చే వడ్డన. అక్కడ ఆకే అలంకారం. గుమ్మం దగ్గర, చేతులు కడుక్కునే చోట పువ్వులు పెట్టండి, చాలు.

ఏ నెలలో ఏ పువ్వు?

మన పెళ్లిళ్లు ముహూర్తాల చుట్టూ తిరుగుతాయి కాబట్టి నెల ప్రకారమే చెబుతాను. మాఘ, ఫాల్గుణాల్లో గులాబీ బాగుంటుంది, రాత్రి చల్లగా ఉంటుంది, ఏ పువ్వైనా నిలుస్తుంది. వైశాఖంలో మల్లె విరగబూస్తుంది కానీ ఎండ, ఉక్కపోత దేన్నీ బతకనివ్వవు. ఆ నెలలో పువ్వు తగ్గించి ఆకు, కాయ పెంచమంటాను. మామిడాకుల మధ్య ఇత్తడి పళ్లెంలో నాలుగు పచ్చి మామిడికాయలు, మధ్యలో ఒక మల్లెచెండు పెడితే వేసవి రిసెప్షన్‌కి అంతకంటే అందమైనది నాకు తోచదు. వాడిపోతుందన్న టెన్షన్ కూడా ఉండదు.

శ్రావణంలో వరలక్ష్మీ వ్రతాల వల్ల, కార్తీకంలో పూజల వల్ల పువ్వుల ధరలు మండుతాయి. శ్రావణ శుక్రవారం దగ్గర్లో మీ రిసెప్షన్ ఉంటే రేటు ముందే మాట్లాడి అడ్వాన్స్ ఇచ్చేయండి. కార్తీకంలో బంతి, చామంతి మంచి సైజులో దొరుకుతాయి. ధర కాస్త ఎక్కువైనా నిలిచే పువ్వులు కాబట్టి గిట్టుబాటే.

డెకరేషన్ వాళ్లు పువ్వుల్ని కడియపులంక నుంచో విశాఖ పూర్ణా మార్కెట్ నుంచో తెప్పిస్తుంటారు. జెర్బెరా, కార్నేషన్ లాంటివి బెంగళూరు వైపు నుంచి పెట్టెల్లో వస్తాయి. ప్రయాణంలోనే ఒక రోజు పోతుంది. పెద్ద ముహూర్తం రోజున అందరికీ ఒకే పువ్వు కావాలి. అందుకే "ఫలానా రంగు జెర్బెరా" అని పట్టుబట్టకుండా "పసుపు, నారింజ రంగుల్లో ఏవైనా తాజావి" అని చెప్పి చూడండి. మంచి పువ్వు వస్తుంది.

రంగులు ఎలా ఎంచుకోవాలి?

పగలు షాపులో చూసి నిర్ణయించకండి. హాల్లో పసుపు లైట్ల కింద ఊదా, ముదురు నీలం నల్లగా కనబడతాయి. తెలుపు, పసుపు, నారింజ, లేత గులాబీ రంగులు వెలుగుతాయి. పెళ్లికూతురి చీర రంగుతో టేబుళ్ల రంగు కలవాలన్న నియమం ఏమీ లేదు.

సాయంత్రం నాలుగింటికి పెట్టిన పువ్వు రాత్రి పదింటికి నిలవాలంటే?

పువ్వు టేబుల్ మీదకు రాకముందే దాని పని సగం అయిపోవాలి. తెచ్చిన వెంటనే కాడల చివర్లు ఏటవాలుగా కోసి, నీళ్లలో మునిగే ఆకులు తీసేసి, శుభ్రమైన బకెట్లో నీడలో మూడు నాలుగు గంటలు ఉంచాలి. నీళ్లలో మునిగిన ఆకు కుళ్లి కాడను మూసేస్తుంది, అక్కడి నుంచి పువ్వుకు నీరు అందదు. జెర్బెరా కాడ మెత్తన, దానికి నీళ్లు తక్కువ పోయాలి. మల్లె, కనకాంబరం మాలల్ని అరటాకులో చుట్టి, తడిగుడ్డ కప్పి, చివరి గంటలో బయటికి తీయాలి.

తామర మొగ్గ కోశాక దానంతటది విచ్చుకోదు. రేకుల్ని ఒక్కొక్కటీ లోపలికి మడిచి విప్పదీస్తారు. అలా మడిచిన రేకు కొన్ని గంటలకు అంచుల్లో గోధుమరంగుకు తిరుగుతుంది. కాబట్టి రిసెప్షన్‌కి గంట ముందు మడవాలి. ఆ పనికి మనుషులు ఉన్నారా అని డెకరేషన్ వాళ్లను అడగండి. లేరంటే తామర మానేయండి.

కూలర్ ఎదురుగా ఉన్న టేబుళ్ల మీద పువ్వు ముందు వాడుతుంది. అక్కడ బంతి పెట్టండి. దానికున్న ఓర్పు మరే పువ్వుకూ లేదు.

పువ్వులు గుచ్చే ఆ ఆకుపచ్చ ఫోమ్ లేకుండా కుదరదా?

కుదురుతుంది, కుదరాలి కూడా. ఆ ఫోమ్ ఒక రకం ప్లాస్టిక్. పిండితే పొడి అవుతుంది కానీ మట్టిలో కలవదు. 25 టేబుళ్లకు 25 దిమ్మలు ఒక్క రాత్రికి వాడి చెత్తలో పడేస్తాం.

మన దగ్గర అరటి బోదె ఉంది. గెల కోశాక ఎలాగూ నరికేసే చెట్టే. బోదెను అర అడుగు ముక్కలుగా కోసి, పళ్లెంలో నిలబెట్టి, పువ్వుల్ని ఈనెపుల్లలకు గుచ్చి అందులో దిగేస్తే రాత్రంతా కదలవు. దాని నిండా నీరే కాబట్టి కాడ ఉన్న పువ్వు తాజాగా కూడా ఉంటుంది. ఒక్క జాగ్రత్త ఉంది. అరటి పసరు మరక గుడ్డకు పడితే ఏ సబ్బుకూ పోదు. ముక్కలు ముందు రోజు రాత్రే కోసి, పసరు కారనిచ్చి, తుడిచి, కింద తప్పనిసరిగా పళ్లెం పెట్టండి. మొదటిసారి నేను పళ్లెం లేకుండా పెట్టి టెంట్ హౌస్ వాళ్ల టేబుల్ క్లాత్‌లకు డబ్బు కట్టాను.

బుడితి ఇత్తడి సామాను పెడితే బాగుంటుందా?

నాకు చాలా ఇష్టమైన ప్రశ్న. శ్రీకాకుళం జిల్లా సారవకోట మండలంలోని బుడితిలో కంచు, ఇత్తడి పనివాళ్లు చేతితో చేసే చెంబులు, కూజాలు, గిన్నెలకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. ఆ పనితనం దగ్గర నుంచి చూడాల్సినది. టేబుల్ కంటే మంచి చోటు ఎక్కడుంటుంది? అరగంట సేపు ఎనిమిది మంది దాన్ని అడుగు దూరం నుంచి చూస్తారు.

ఇత్తడి బరువు కాబట్టి పిల్లలు గుడ్డ లాగినా తొందరగా ఒరగదు. పసుపు లైటులో దానికదే మెరుస్తుంది, పువ్వులు తక్కువైనా వెలితి కనబడదు. అన్నిటికంటే ముఖ్యం, పెళ్లి అయ్యాక అది చెత్త కాదు. పెళ్లికూతురి సారెలో ఎలాగూ ఇత్తడి సామాను కొంటారు కదా. అదే సామాను రిసెప్షన్ రాత్రి టేబుళ్ల మీద ఉంచి, మర్నాడు తోమి సారెలో సర్దితే ఒకే డబ్బుతో రెండు పనులు అవుతాయి. ఈ మాట చెప్పినప్పుడు "ఇయ్యన్నీ ఎందుకే" అన్న అమ్మలే ముందు ఒప్పుకుంటారు.

అన్ని టేబుళ్లకూ కొనలేకపోతే అయినవాళ్లు కూర్చునే నాలుగైదు టేబుళ్లకు బుడితివి పెట్టి, మిగతా వాటికి ఇంటింటి నుంచి చెంబులు అడిగి తెచ్చుకోండి. అమ్మమ్మ చెంబు, మేనత్త మరచెంబు, పక్కింటి కూజా అన్నీ ఒక్కలా లేకపోయినా ఫర్వాలేదు. అడుగున పేరు రాసిన స్టిక్కర్ అంటించడం మాత్రం మరవద్దు. మర్నాడు "మా చెంబేది" అన్న మాట రాకూడదు. కూరల పులుపు పడితే ఇత్తడికి మచ్చలు వస్తాయి, ఆ రాత్రే నీళ్లతో కడిగి పొడిగుడ్డతో తుడవండి. చింతపండు పెట్టి తోమడం మర్నాడు చేసుకోవచ్చు.

బొబ్బిలి వీణ బొమ్మలు టేబుళ్ల మీద పెట్టొచ్చా?

బొబ్బిలి వాళ్ల పెళ్లిలో ఇది తప్పకుండా వచ్చే ఆలోచన. పనస చెక్కతో బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో చేసే చిన్న వీణలు ముచ్చటగా ఉంటాయి. కానీ వీణ అంటే సరస్వతి. ఎంగిలి పళ్లేల మధ్య ఆ వీణను చూస్తే పెద్దవాళ్ల మనసు చివుక్కుమంటుంది. వాళ్లు అలా అనుకోవడం నాకూ తప్పనిపించదు. పేర్లు రాసుకునే బల్ల దగ్గర పెట్టండి, స్టేజీ పక్కన పెట్టండి. రిసెప్షన్ చివర దగ్గరి బంధువులకు బహుమతిగా ఇవ్వండి.

చిన్న వినాయకుడి విగ్రహాలు, వెంకటేశ్వరస్వామి ఫ్రేములు పెట్టాలనుకునేవాళ్లకూ ఇదే జవాబు.

దీపాలు, కొవ్వొత్తులు?

దీపం వెలిగించాక ఊది ఆర్పం, ఎంగిలి దగ్గర పెట్టం. రాత్రి టేబుల్ తుడిచే కుర్రాడు ఏం చేయాలి చెప్పండి? ఇత్తడి కుందులు గుమ్మం దగ్గర వెలిగించుకుందాం.

కొవ్వొత్తులకు ఇంకో ఇబ్బంది ఉంది. ఫ్యాన్లు, కూలర్ల గాలి, నెట్ చున్నీలు, టేబుల్ ఫ్రిల్, పిల్లలు. నేను నిప్పున్నదేదీ భోజనాల టేబుల్ మీద పెట్టను, ఎంత అడిగినా పెట్టను. బ్యాటరీ దీపాలు మంచివే దొరుకుతున్నాయి. కొత్త బ్యాటరీలు వేసి, అతిథులు వచ్చే అరగంట ముందు వెలిగించండి.

టేబుల్ మీద అసలు పెట్టకూడనివి ఏమైనా ఉన్నాయా?

గన్నేరు, పచ్చగన్నేరు. చూడ్డానికి అందమే కానీ ఆకు, పువ్వు, కాయ అన్నీ విషం. పిల్లలు నోట్లో పెట్టుకునే ఎత్తులో ఉంటాయి. ఉమ్మెత్త సంగతి చెప్పక్కర్లేదు. జిల్లేడు పాలు కళ్లలో పడితే ప్రమాదం, దండల్లోనూ వద్దు.

లిల్లీ మాలల వాసన గాఢంగా ఉంటుంది. ఒకటీ అరా అయితే హాయి, ప్రతి టేబుల్ మీదా గుత్తులు పెడితే బిర్యానీ వాసన కూడా తెలియదు. కొందరికి తలనొప్పి. లిల్లీని స్టేజీకి పంపండి.

పలాస వైపు వేసవి పెళ్లిళ్లలో జీడిమామిడి పండ్లు పెడదామని అడుగుతారు. ఎరుపు, పసుపు పండ్లు కింద గింజతో నిజంగానే బాగుంటాయి. ఆ రసం పట్టుచీర మీద పడితే మరక పోదు. వాటి బదులు జీడిపప్పు వేయించి, చిన్న మట్టి మూకుళ్లలో పెట్టండి. చుట్టాలు తింటూ మాట్లాడుకుంటారు.

ఇంకొకటి, కొబ్బరి పొత్తు. తెల్లటి కొబ్బరి పువ్వును కూజాలో పెట్టడం ఈమధ్య బాగా అడుగుతున్నారు. ఒక్కో పొత్తు రేపు ఒక గెల. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను ఉద్దానంలో కొబ్బరి చెట్లను ఎలా కూల్చిందో చూసినవాళ్లం. కొత్తగా నాటిన మొక్క కాపుకొచ్చేవరకు రైతు ఏళ్ల తరబడి ఎదురుచూడాలి. ఒక రాత్రి అందానికి గెలను కోయించడానికి నా చేతులు రావు. కొబ్బరాకుతో చిలకలు, బుట్టలు అల్లిస్తే అంతే అందంగా ఉంటాయి. అల్లే పెద్దవాళ్లు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు, వాళ్లకు నాలుగు డబ్బులూ వస్తాయి.

టేబుల్ మధ్యలో పొందూరు ఖాదీ పరిస్తే?

సన్న నూలు ఖాదీని మాత్రం పరచకండి. వాలుగ చేప దవడతో దూదిని ఏకి, చేత్తో వడికి, మగ్గం మీద నేసిన గుడ్డ అది. దాని మీద గోంగూర పడితే చూడలేం. వధూవరులు కూర్చునే ఒక్క టేబుల్‌కి ముతక రకం పరవండి. మిగతా వాటికి ఉతుక్కోగలిగే మామూలు నూలు గుడ్డ చాలు.

పిల్లలకు వేరే టేబుల్ వేస్తున్నాం. అక్కడ ఏం పెట్టాలి?

ఏటికొప్పాక బొమ్మలు. అంకుడు కర్రతో, లక్క రంగులతో చేసినవి. కింద పడినా గాజులా పగలవు. మరీ చిన్న పిల్లలుంటే చిన్న ముక్కలు ఊడే బొమ్మలు వద్దు. మనిషికొక బొంగరం చొప్పున పెట్టేసి, ఇంటికి తీసుకెళ్లమనండి. నీళ్లు, గాజు, పూలు ఏవీ అక్కర్లేదు.

ఆరుబయట, భోగాపురం వైపు సముద్రం దగ్గర రిసెప్షన్ చేస్తున్నాం.

సాయంత్రం గాలి తగ్గుతుందని నమ్మకండి. తేలికపాటి కూజాల్లో మూడో వంతు ఇసుక పోయండి. ఎత్తైనవి అసలే వద్దు. టేబుల్ క్లాత్‌ను నాలుగు వైపులా క్లిప్పులతో బిగించండి. కళింగపట్నం, బారువ దగ్గర చేసుకునేవాళ్లకూ ఇదే మాట. అక్టోబరు, నవంబరుల్లో అయితే వాన వస్తే ఎక్కడికి మారతారో ముందే అనుకోండి. సెంటర్ పీసులు పళ్లేలతో సహా ఎత్తుకెళ్లేలా ఉంటే పదిహేను నిమిషాల్లో లోపలికి మార్చేయొచ్చు.

డెకరేషన్ వాళ్లతో మాట్లాడేటప్పుడు ఏం అడగాలి?

ఫొటో చూపించి ఊరుకోకండి. ఒక్క టేబుల్‌కి శాంపిల్ కట్టి చూపించమనండి, దానికి డబ్బు ఇవ్వండి. పువ్వులు ఏ రోజు వస్తాయి, ఎన్నింటికి టేబుల్ మీద పెడతారు, కూజాలు వాళ్లవా అద్దెవా, పగిలితే ఎవరు కట్టాలి, రాత్రి ఎన్నింటికి తీసుకుపోతారు, ఇవన్నీ కాగితం మీద రాయించుకోండి. చివరిది చాలామంది అడగరు. పదిన్నరకు ఇంకా చుట్టాలు తింటుండగానే ముందు నుంచి కూజాలు లాగేస్తుంటే చూడ్డానికి బాగుండదు. "ఆఖరి బంతి లేచాకే తీయాలి" అని గట్టిగా చెప్పండి.

మర్నాడు ఆ పువ్వుల్ని ఏం చేయాలి?

రాత్రే ఇంటి ఆడపడుచు ఒకరికి ఈ పని అప్పజెప్పండి. బాగున్న పువ్వుల్ని, మర్నాడు ఊరికి వెళ్లే చుట్టాలకు అరటాకులో కట్టి ఇవ్వండి. రైల్లో, బస్సులో పెళ్లి వాసన వాళ్లతో వెళ్తుంది. కట్టుపోగులు, పిన్నులు తీసేసి మిగతా పువ్వుల్ని, బోదె ముక్కల్ని తరిగి ఎరువు గుంటలో వేయండి. బోదె చిన్న ముక్కలు చేయకపోతే కుళ్లడానికి చాలా కాలం పడుతుంది. నాగావళిలో, చెరువుల్లో కలపకండి. చెంబుల్ని స్టిక్కర్లు చూసుకుని ఎవరివి వాళ్లకు పంపించండి, ఖాళీగా పంపకుండా రెండు లడ్డూలు వేసి పంపండి.